ఎక్కేది అమ్మ, ఎత్తేది మీరు

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది హనుమకొండ. అమ్మకు 67 ఏళ్లు. రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. ఆపరేషన్ అంటే భయం, వద్దంటోంది. ఇంట్లో కర్ర పట్టుకుని తిరుగుతుంది గానీ బయట వంద అడుగులు వేస్తే కూర్చోవాల్సిందే. అందుకని గుడికీ పెళ్లికీ ఎక్కడికీ రానంటోంది. మడతపెట్టి కారులో వేసుకెళ్లే మొబిలిటీ స్కూటర్ (నడవలేనివాళ్లు కూర్చుని నడుపుకునే చిన్న బ్యాటరీ బండి) కొందామనుకుంటున్నాం. లక్షన్నర దాకా పెట్టగలం. మూడు చక్రాలది మంచిదా, నాలుగు చక్రాలదా? రిమోట్ నొక్కితే దానంతటదే మడుచుకునేది ఒకటి చూశాం, బాగా నచ్చింది. మాది సీఎన్‌జీ వ్యాగన్ఆర్. సంక్రాంతి తర్వాత అమ్మను ఢిల్లీలో ఉన్న అక్క దగ్గరికి విమానంలో తీసుకెళ్లాలి. బ్యాటరీ బండిని ఎక్కనిస్తారా? వీటన్నిటికంటే పెద్ద చిక్కు, "నలుగురు జూసి నవ్వుతరు, నాకొద్దు బిడ్డా" అంటోంది అమ్మ. ఏం చేయమంటారు? – ఒక పాఠకుడు

జవాబు:

తమ్ముడూ, మీ ఉత్తరంలో అమ్మ మోకాళ్ల సంగతి ఉంది, కారు సంగతి ఉంది, డబ్బుల సంగతీ ఉంది. ఆ బండిని కారులోకి ఎవరు ఎత్తుతారో మాత్రం రాయలేదు. మీరేనా? మీరు డ్యూటీకి పోయిన రోజు ఇంట్లో ఆడవాళ్లు ఎత్తగలరా? నేను సరిగ్గా ఇక్కడే దెబ్బతిన్నాను కాబట్టి ఇక్కడి నుంచే మొదలుపెడతాను.

మా బాపుకు పక్షవాతం వచ్చి తగ్గింది గానీ ఎడమ కాలు ఈడ్చుకుంటూ నడిచేవాడు. మేమూ మీలాగే రిమోట్ బండి చూసి పడిపోయాం. దుకాణంలో కుర్రాడు బటన్ నొక్కగానే అది ఒంటె కూలబడ్డట్టు మడుచుకుని కూర్చుంది. బరువెంత అంటే "22 కిలోలే సార్" అన్నాడు. ఇంటికొచ్చాక కాటా మీద పెడితే 27 ఉంది. అతను చెప్పింది బ్యాటరీ, సీటు మెత్త, ముందున్న బుట్ట తీసేసిన లెక్క. పైగా రిమోట్ బండిని మడుస్తుంది గానీ డిక్కీలోకి ఎత్తదు కదా. మూడోసారి రామప్పకు బయలుదేరినప్పుడు డిక్కీ అంచు దాటించబోతుంటే నా నడుము పట్టేసింది. ఆ పూట రామప్పకు కాదు, ఎముకల డాక్టరు దగ్గరికి పోయాం. తర్వాత ఏడాదిన్నర పాటు ఆ బండి మా మెట్ల కింద పాత దుప్పటి కప్పుకుని పడి ఉంది.

కొనేముందు మీరొక పని చేయండి. ఇంట్లో 25 కిలోల బియ్యం బస్తా ఉంటుంది కదా, దాన్ని కారు దాకా మోసి లోపల పెట్టి, మళ్లీ తీసి కింద పెట్టండి. వరుసగా రెండుసార్లు, అంటే మొత్తం నాలుగు ఎత్తుళ్లు. గుడికి పోయి వస్తే అన్నే అవుతాయి: ఇంటి దగ్గర ఎక్కించడం, గుడి దగ్గర దించడం, మళ్లీ ఎక్కించడం, ఇంటికొచ్చి దించడం. మీ తర్వాత మీ ఇంట్లో ఆ పని చేయాల్సివచ్చే రెండో మనిషి చేత కూడా చేయించండి. బియ్యం బస్తాకు మూలలుంటాయి, పట్టు దొరుకుతుంది. నిండు గ్యాస్ సిలిండర్ దాదాపు 30 కిలోలున్నా పైన చుట్టు పట్టుకుని లేపుతాం. మడిచిన స్కూటర్‌కు అంత సుఖం ఉండదు. ఒకచోట పట్టుకుంటే చక్రం తిరుగుతుంది, ఇంకోచోట పట్టుకుంటే వైరు చేతికొస్తుంది.

ఇక మీ కారు. సీఎన్‌జీ వ్యాగన్ఆర్ అంటే డిక్కీలో సగానికి పైగా గ్యాస్ ట్యాంకే ఉంటుంది. ఒకే ముక్కగా మడిచే స్కూటర్ అందులో పట్టదు. వెనక సీటు మీద పెడితే అమ్మ ముందు సీట్లో, మీరు డ్రైవింగులో, ఇంకొకరికి చోటుండదు. రేపు క్యాబ్ మాట్లాడుకున్నా ఇదే గోల కావచ్చు, క్యాబుల్లోనూ సీఎన్‌జీవి ఉంటాయి. అందుకని మీకు నేను చెప్పేది మడిచేది కాదు, విడదీసేది. సీటు ఒక ముక్క, బ్యాటరీ ఒకటి, ముందు చక్రాల భాగం ఒకటి, మోటారున్న వెనక భాగం ఒకటి. అన్నిటికంటే బరువైన ముక్క మామూలుగా 13 నుంచి 16 కిలోల మధ్య ఉంటుంది. ట్యాంకు పక్కన ఒకటి, సీట్ల కింద కాళ్ల దగ్గర ఒకటి, సర్దుకోవచ్చు. దుకాణదారుడు మొత్తం బరువు చెబుతాడు. మీరు అడగాల్సింది అన్నిటికంటే బరువైన ముక్క ఎంతని, అదీ కాటా మీద చూపించమని. మరీ తేలికగా ఉండే కార్బన్ ఫైబర్ బండ్లూ ఉన్నాయి గానీ మీ బడ్జెట్‌లోకి రావు.

విడదీసే బండికి ఒక బాధ ఉంది, దాచను. ప్రతిసారీ వంగి కలపాలి, విప్పాలి. మొదట్లో పావుగంట పడుతుంది, చేయి తిరిగాక మూడు నాలుగు నిమిషాలు. పెళ్లి హాలు ముందు వెనక కార్లు హారన్ కొడుతుంటే ఆ మూడు నిమిషాలే చాలా ఎక్కువ అనిపిస్తాయి. ముందు అమ్మను కుర్చీ వేసి కూర్చోబెట్టి, కారు పక్కకు తీసుకుపోయి కలుపుకోండి.

మూడు చక్రాలా, నాలుగా అంటే మీకు నాలుగే. మూడు చక్రాలది తక్కువ చోటులో తిరుగుతుంది, కాళ్లు చాపుకోను స్థలం ఉంటుంది, పెద్ద షాపింగ్ మాల్ లోపల నునుపు నేల మీద దానంత హాయి లేదు. కానీ ఒకవైపు ఒరిగిన నేల మీద మలుపు తిప్పితే పక్కకు పడే భయం దానికే ఎక్కువ. మన దగ్గర ఒరగని నేల ఎక్కడుంది? ఈ ప్రయాణపు బండ్లకు చక్రాలు మహా అయితే 7, 8 అంగుళాలు, అడుగు భాగం నేలకు రెండు మూడు అంగుళాల ఎత్తులోనే ఉంటుంది. కాలనీల్లో ఎవరికి తోచినట్టు వాళ్లు పోసుకున్న స్పీడ్ బ్రేకర్ మీద బండి కడుపు ఆనుకుని చక్రాలు గాల్లో తిరగడం నేను కళ్లారా చూశాను. దుకాణంలో టైల్స్ మీద నడిపి చూస్తే ఇవేవీ తెలియవు. బయటికి తీసుకొచ్చి గల్లీలో స్పీడ్ బ్రేకర్ ఎక్కించి చూపించమనండి. టైర్లు గాలివి కాకుండా గట్టి రబ్బరువి తీసుకోండి. కుదుపు ఎక్కువే గానీ ఇంత చిన్న చక్రానికి దారిలో పంక్చర్ వేసేవాడు దొరకడు.

వాలు గురించి కొంచెం నిదానంగా చదవండి, దెబ్బలు తగిలేది ఇక్కడే. చక్రాల కుర్చీలకు వేసే ర్యాంప్ లెక్క ఒకటికి పన్నెండు. అంటే అడుగు ఎత్తు ఎక్కాలంటే 12 అడుగుల పొడవు వాలు ఉండాలి. మీ ఇంటి గడప రోడ్డుకంటే అడుగున్నర ఎత్తులో ఉంటే 18 అడుగులు కావాలన్నమాట. మన ఇళ్ల గేటు ముందు మోటార్‌సైకిల్ ఎక్కించడానికి పోసే సిమెంటు వాలు ఎంత ఉంటుంది? మూడు, నాలుగు అడుగులు. దాని మీద మనిషి కూర్చుని స్కూటర్ నడిపితే ముందు చక్రాలు లేచి వెనక్కి పడొచ్చు. వెనక రెండు బుల్లి చక్రాలు అందుకే పెడతారు గానీ వాటి ధైర్యంతో అంత వాలు ఎక్కకూడదు. అమ్మ కర్రతో గేటు దాటి వచ్చాక, రోడ్డు మీద ఎక్కించండి.

ఈ బండ్లకు చేతి బ్రేక్ లేదని అమ్మ భయపడొచ్చు. హ్యాండిల్ దగ్గర బొటనవేలితో నొక్కే మీట ఉంటుంది. నొక్కితే కదులుతుంది, వదిలితే ఆగి, అక్కడే బ్రేక్ పడిపోతుంది. వాలులో కూడా జారదు. కానీ వెనక మోటారు దగ్గర ఇంకో మీట ఉంటుంది, బండిని చేత్తో తోసుకోవడానికి. దాన్ని తిప్పితే ఆ బ్రేక్ పనిచేయదు. మా మేనల్లుడు ఆ మీట తిప్పి ఖాళీ బండిని గేటు వాలు మీద వదిలి ఫోన్ తీశాడు. అది పోయి ఎదురింటి తులసి కోటకు గుద్దుకుంది. బాపు అప్పుడు దాని మీద లేడు, అంతే అదృష్టం. ఆ మీట తిప్పి ఉండగా అమ్మను ఎక్కనివ్వొద్దు, ఆమె కూర్చుని ఉండగా ఎవరూ దాన్ని ముట్టుకోవద్దు. ఇంకో మాట, చీర. వెనక చక్రాలు సీటు పక్కనే తిరుగుతాయి. కొంగు వేలాడితే చుట్టుకుంటుంది. కొంగు ముందుకు తెచ్చి నడుములో దోపుకుని ఎక్కడం మొదటి రోజు నుంచే అలవాటు చేయించండి.

సీటు దగ్గర అమ్మ మోకాళ్లే కొలత. తక్కువ ఎత్తు సీట్లో కూర్చోవడం తేలిక, లేవడమే నరకం. కాళ్లు నేలకు ఆనించి, చేతుల బలంతో ఒక్క ప్రయత్నంలో లేవగలగాలి. సీటు పక్కన చేతులు ఆనించే భాగాలు పైకి లేచేలా, సీటు పక్కకు తిరిగేలా ఉంటే ఇంకా మేలు. వేళ్ల కీళ్లలో కూడా నొప్పి ఉంటే ఆ బొటనవేలి మీట పది నిమిషాలు నొక్కి పట్టుకోగలదేమో చూడండి. కళ్లల్లో శుక్లాలున్నాయా, మందులకు తల తిరుగుతుందా అన్నది డాక్టరును అడిగాకే కొనండి. అరిగిన మోకాళ్లకు కొంత నడక కావాలి కూడా. ఇంట్లో మాత్రం ఈ బండి ఎక్కనివ్వకండి, కర్రే మంచిది.

ఇప్పుడు ఎక్కడెక్కడ పనికొస్తుందో నా అనుభవంలోది చెబుతాను. భద్రకాళి చెరువు కట్ట మీద పొద్దున్నే అయితే బ్రహ్మాండం. వేయి స్తంభాల గుడిలో ఆవరణ దాకా బండి, గుడి పీఠం మీదికి మెట్లే. 1163లో కట్టినవాళ్లు మన మోకాళ్ల సంగతి ఆలోచించలేదు పాపం. రామప్ప కూడా అంతే. యునెస్కో గుర్తింపు వచ్చాక 2021 నుంచి జనం పెరిగారు, కారు ఆపిన చోటు నుంచి గుడి దాకా నడకే చాలామంది పెద్దవాళ్లకు పెద్ద పరీక్ష. ఆ దూరం స్కూటర్ తీరుస్తుంది. అక్కడి నుంచి ఎత్తైన పీఠం మెట్లు అమ్మే ఎక్కాలి, లేదా కింద నుంచే చుట్టూ తిరిగి మదనికలను చూడాలి. మా బాపు రెండోదే ఎంచుకున్నాడు. చుట్టూ తిరిగి, నీడలో బండి ఆపుకుని, పైకెక్కి దిగిన మా అందరికంటే ఎక్కువ చూశాడు. బండి కింద వదిలి అందరూ పైకి పోయేటట్టయితే తాళం చెవి తీసి, ఒక గొలుసు తాళం వేసి పోండి. వరంగల్ కోటలో కీర్తి తోరణాల దగ్గర గడ్డి, విరిగిన శిల్పాల మధ్య చిన్న చక్రాలు ఇరుక్కుంటాయి, దారి వదిలి దిగొద్దు. లక్నవరం వేలాడే వంతెన మీదికి అసలే వద్దు.

మేడారం గురించి మీరు అడగలేదు గానీ స్కూటర్ ఇంటికొచ్చిన మర్నాడు అమ్మ అడుగుతుంది చూడండి. జాతర నాలుగు రోజుల్లో మాత్రం తీసుకెళ్లకండి. ఆ జనంలో, ఆ దుమ్ములో కూర్చున్న మనిషి ఎవరికీ కనిపించదు. జంపన్న వాగు ఇసుకలో ఈ చక్రాలు అంగుళం కదలవు. జాతరకు ముందే చాలామంది మొక్కులు తీర్చుకుని వస్తారు, ఆ రోజుల్లో పోయి బంగారం (అమ్మవార్లకు ఇచ్చే బెల్లం) సమర్పించుకుని రండి.

ఢిల్లీ ప్రయాణం. అంతా బ్యాటరీ మీదే ఆధారపడి ఉంది. లిథియం బ్యాటరీ ఊడదీసే రకం అయితే విమానాల్లో 300 వాట్ అవర్ (బ్యాటరీలో పట్టే కరెంటు కొలత) దాకా ఒప్పుకుంటారు. రెండు బ్యాటరీలున్న బండి అయితే ఒక్కొక్కటి 160 మించకూడదు. లెక్క తేలిక: బ్యాటరీ మీద రాసిన ఓల్టులను ఆంపియర్ అవర్లతో గుణించండి. 24 ఓల్టులు, 10 ఆంపియర్ అవర్లు అంటే 240, ఇబ్బంది లేదు. 24, 12 అయితే 288, అదీ పాసే. 24, 15 అంటే 360, కౌంటర్ దగ్గరే ఆపేస్తారు. "పెద్ద బ్యాటరీ తీసుకోండి సార్, ఎక్కువ దూరం పోతది" అని దుకాణంలో ఊరిస్తారు, పడిపోకండి. కంపెనీ చెప్పే దూరంలో సగమే లెక్కేసుకున్నా చిన్న బ్యాటరీతో ఐదారు కిలోమీటర్లు తిరగొచ్చు. గుడికీ పెళ్లికీ అంతకంటే ఎందుకు? ఆ అంకెలు బ్యాటరీ మీదే అచ్చు వేసి ఉండాలి. స్టిక్కర్ చినిగిపోయిన బ్యాటరీని నోటి మాట మీద ఎవరూ ఎక్కనివ్వరు.

టికెట్ తీసుకున్న రోజే విమాన సంస్థకు మెయిల్ పెట్టండి. బండి మోడల్, బరువు, కొలతలు, బ్యాటరీ వాట్ అవర్, ఊడదీయొచ్చన్న మాట, దానికి డబ్బులేమైనా కట్టాలా అన్న ప్రశ్న, అన్నీ అందులోనే. జవాబు ప్రింట్ తీసి దగ్గర పెట్టుకోండి. ఫోన్‌లో కాల్ సెంటర్ అమ్మాయి ఏం చెప్పిందో శంషాబాద్‌లో ఎవరికీ పట్టదు. ఆ రోజు అమ్మ విమానం దాకా స్కూటర్ మీదే రాగలదా, లేక చెకిన్‌లోనే ఇచ్చేసి వాళ్ల వీల్‌చైర్ ఎక్కాలా అన్నది కూడా అందులోనే అడగండి. బ్యాటరీ మాత్రం ఊడదీసి, దాని మొనలకు టేపు చుట్టి, సంచిలో పెట్టి మీతో పాటు క్యాబిన్‌లోకి తీసుకెళ్లాలి, లగేజీలో వేయకూడదు. విడదీసే బండికి ఇక్కడ ఒక చిక్కుంది, ముక్కలు చెల్లాచెదురవుతాయి. సీటు, బుట్ట ముందే తీసి విడిగా కట్టండి, ప్రతి ముక్కకూ పేరు, ఫోన్ నంబరు అంటించండి, ఇచ్చేముందు నాలుగు వైపులా ఫోటోలు తీయండి. ఈ ఒక్క విషయంలో మడిచే బండి నయం. అయినా విమానం ఏడాదికోసారి, కారు వారం వారం. ఢిల్లీలో మెట్రో స్టేషన్లకు లిఫ్టులుంటాయి కాబట్టి అక్కడ అమ్మ మీకంటే ముందు నడుస్తుంది.

రైలు మాట రెండు ముక్కల్లో. మామూలు బోగీ మెట్లు, ఇరుకు తలుపులతో ఈ బండిని ఎక్కించడం కంటే ఇంట్లో వదిలి స్టేషన్ వీల్‌చైర్ తీసుకోవడం మేలు. వందేభారత్‌లో చివరి బోగీల్లో వీల్‌చైర్‌కు చోటుంటుంది, సికింద్రాబాద్–విశాఖ బండి వరంగల్‌లో ఆగుతుంది, ఎప్పుడైనా విజయవాడ దుర్గమ్మ దగ్గరికి పోతే గుర్తుంచుకోండి.

కొనేటప్పుడు బ్యాటరీకి వారంటీ విడిగా ఎన్నాళ్లో, కొత్త బ్యాటరీ ధర ఎంతో, చెడిపోతే మనిషి వరంగల్ వస్తాడా, లేక మనమే బండిని హైదరాబాద్ మోసుకుపోవాలా అన్నవి బిల్లు మీద రాయించుకోండి. మాకు నోటితో చెప్పి, ఛార్జర్ పోయినప్పుడు రెండు నెలలు తిప్పారు. వాడినా వాడకపోయినా నెలకోసారైనా ఛార్జింగ్ పెట్టండి. ఎండాకాలం కారులో వదలొద్దు, మే నెలలో మన ఎండలకు మూసిన కారు పొయ్యే. బయట తిరిగొచ్చిన వేడి బ్యాటరీకి వెంటనే ఛార్జింగ్ పెట్టకుండా ఓ గంట చల్లారనివ్వండి. లైసెన్సు భయం పెట్టుకోకండి, 250 వాట్ల లోపు మోటారు, 25 కిలోమీటర్ల లోపు వేగం ఉన్న చిన్న బ్యాటరీ బండికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఇది పోయేది గంటకు 6 కిలోమీటర్లు. అలాగని హనుమకొండ చౌరస్తాలోకి తీసుకురమ్మని కాదు.

అమ్మ సిగ్గు గురించి. మా బాపు కూడా "నేనేమన్న కుంటోన్నా" అని పదిహేను రోజులు బండి వైపు చూడలేదు. బతిమాలినకొద్దీ బిగుసుకున్నాడు. మారింది ఒక పెళ్లిలో. ఎప్పుడూ మేము ఒక మూల కుర్చీలో కూర్చోబెట్టి ప్లేటు తెచ్చి ఇచ్చేవాళ్లం. ఆ రోజు తనే బండి నడుపుకుంటూ పోయి, పాత దోస్తులు కూర్చున్న టేబుల్ దగ్గర ఆపుకుని గంటన్నర ముచ్చట పెట్టాడు. రెండోసారి మిర్చి బజ్జీ కూడా తనే తెచ్చుకున్నాడు. తర్వాతి ఆదివారం "బండి ఛార్జింగ్ ఉన్నదా" అని ఆయనే అడిగాడు. మీ అమ్మను కొనేముందే దుకాణానికి తీసుకెళ్లండి. రంగు ఆమెనే ఎంచుకోనివ్వండి, బేరం ఆమెనే ఆడనివ్వండి. తాళం చెవి మీ జేబులో కాదు, ఆమె కొంగుకు కట్టుకోనివ్వండి. ఆమె నడుపుతుంటే వెనక నుంచి సీటు పట్టుకుని నడవకండి, పక్కన రెండడుగుల దూరంలో నడవండి.

మొదటి వారం మీ గల్లీలోనే, పొద్దున ఆరింటికి, జనం లేవకముందు. ముందు మీట వదిలి ఆపడం, తర్వాత వెనక్కి నడపడం, ఆ తర్వాతే మలుపులు. ఏడు దాటితే పక్కింటి పిల్లలు ఒక్క రౌండ్ ఇవ్వమని చుట్టూ చేరతారు. ఒక్కడికి ఇచ్చారో, సాయంత్రానికి బ్యాటరీ ఖాళీ.